టీచర్లను తయారుచేసే చోటికి దాతల డబ్బు ఎలా చేరుతుంది?

బాంబూఫ్లాట్‌లో ప్లస్ టూ పూర్తిచేసిన అమ్మాయి టీచరు కావాలనుకుంటే దగ్గరి దారి అందరికీ తెలిసిందే. ఫెర్రీలో చాథం జెట్టీకి దాటాలి. శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరు దాకా దీని పేరు పోర్ట్ బ్లెయిర్) డిగ్రీ చేయాలి. ఆ తర్వాత అక్కడే టాగోర్ ప్రభుత్వ విద్యా కళాశాలలో బీఈడీ. అది సర్కారు కాలేజీ. భవనమూ, లెక్చరర్ల జీతాలూ ఖజానా నుంచే వస్తాయి. పట్టా మాత్రం సముద్రం అవతలి పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పేరుతో వస్తూ వచ్చింది. ఈ ఏర్పాటులో దాత అనే మనిషి ఎక్కడా కనబడడు.

రెండో దారి విశాఖ ఓడ. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగని చెప్పారు. ఇలాంటి ఇళ్లలో పిల్లలు పైచదువుకు అటు వెళ్లడం కొత్త కాదు. అక్కడ చూసే ప్రకటనల్లో మాత్రం ఇక్కడ కనబడని సంగతి ఒకటుంది. హైదరాబాద్‌లోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో (అందరూ టిస్ అంటారు) విద్యా విభాగానికి అజీం ప్రేమ్‌జీ పేరు పెట్టారు. బెంగళూరులో ఆయన పేరుతో ఏకంగా ఒక విశ్వవిద్యాలయమే ఉంది. అవసరం ఉన్నవాళ్లకు ఫీజు మాఫీ, హాస్టల్ ఖర్చుకు సాయం అని ఆ ప్రకటనల్లో రాస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చే అనుమానం ఒకటే: ఎవరో దానం చేస్తున్నారంటున్నావు సరే, రెండో ఏడు ఇవ్వకపోతే?

మంచి అనుమానమే. జవాబు దాత మంచితనంలో లేదు. ఆయన డబ్బు ఏ రూపంలో ఇచ్చాడన్న దానిలో ఉంది.

ముందు విద్యా విభాగం అంటే ఏమిటో చూద్దాం. విశ్వవిద్యాలయంలో టీచర్లకు శిక్షణ ఇచ్చే, పిల్లలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించే విభాగమిది. బీఈడీ, ఎంఈడీ, విద్యాశాస్త్రంలో ఎంఏ, పీహెచ్‌డీ ఇక్కడ జరుగుతాయి. దీనికి డబ్బు మూడు వైపుల నుంచి రావాలి: ప్రభుత్వ గ్రాంటు, విద్యార్థుల ఫీజు, దాతల విరాళం. మంజూరైన పోస్టుల జీతాలు ప్రభుత్వ గ్రాంటులో వెళ్లిపోతాయి. ఫీజు ఎక్కువ పెట్టడానికి వీల్లేదు. ఇంజనీరింగుకు అప్పుచేసి లక్షలు కట్టే తండ్రి బీఈడీకి అంత కట్టడు. టీచరు జీతంతో ఆ అప్పు తీరదని ఆయనకు తెలుసు.

విరాళాల సంగతిలోనూ ఇదే చిక్కు. పెద్ద విద్యాసంస్థలకు విరాళాలు ఎక్కువగా పూర్వ విద్యార్థుల నుంచి వస్తాయి. నందన్ నీలేకని 2023లో తను చదివిన ఐఐటీ బొంబాయికి 315 కోట్ల రూపాయలు ఇచ్చారు. అలాంటి ఇన్ఫోసిస్ స్థాపకుడు బీఈడీ కాలేజీ పూర్వ విద్యార్థుల్లో దొరకడు. ఆ కాలేజీ నుంచి బయటికి వచ్చినవాళ్లు ఏ డిగ్లీపూర్ బడిలోనో, ఏ పార్వతీపురం బడిలోనో పాఠాలు చెబుతుంటారు. వాళ్లు కాలేజీని ప్రేమించరని కాదు, ఇవ్వడానికి వాళ్ల దగ్గర కోట్లు ఉండవు. అందుకే విద్యా విభాగానికి దాత అంటే సాధారణంగా బయటివాడే. చాలాసార్లు ఒక ట్రస్టో, ఫౌండేషనో, కంపెనీయో అవుతుంది. ఈ ఒక్క తేడా నుంచి చాలా పరిణామాలు పుడతాయి.

ఇప్పుడు డబ్బు రూపాల్లోకి వద్దాం. అన్నిటికంటే గట్టిది కార్పస్ (ఖర్చు పెట్టకుండా శాశ్వతంగా నిలిపి ఉంచే మూలధనం). కొబ్బరితోట రాసిచ్చినట్టన్నమాట. కాయలు అమ్ముకోవచ్చు, చెట్లు కొట్టకూడదు. దాత ఇచ్చిన సొమ్మును విశ్వవిద్యాలయం పెట్టుబడి పెడుతుంది. ఏటా వచ్చే రాబడిలో కొంత ఖర్చు చేస్తుంది. అంతా ఎందుకు చేయదు? ధరలు పెరుగుతాయి కాబట్టి. 1 కోటి రూపాయల మీద 7 శాతం రాబడి వచ్చిందనుకుందాం. ఆ 7 లక్షలూ ఖర్చయిపోతే కాగితం మీద కోటి అలాగే ఉంటుంది. కానీ ఏటా 4 శాతం చొప్పున ధరలు పెరిగితే దాదాపు 18 ఏళ్లలో ఆ కోటికి సగం సరుకే వస్తుంది. అసలు విలువ తగ్గకూడదంటే ఖర్చు 3 లక్షల దగ్గర ఆపి, మిగతాది మళ్లీ అసలులో కలపాలి. అమెరికా విశ్వవిద్యాలయాలు మామూలుగా 4 నుంచి 5 శాతం దాకా ఖర్చు చేస్తాయి.

ఈ లెక్కతో ఒక అధ్యాపకుడి ఉద్యోగం ఖరీదెంతో చూడండి. ఏడో వేతన సంఘం స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం నెలకు 57,700 రూపాయలు. ఏడాదికి 6,92,400. 4 శాతం ఖర్చు పద్ధతిలో ఈ మొత్తం ఏటా రావాలంటే కార్పస్ 1 కోటి 73 లక్షలు ఉండాలి. ఇది మూలవేతనానికే. కరువు భత్యం, ఇంటద్దె భత్యం, పదోన్నతులు కలిపితే అవసరమయ్యే మొత్తం ఇంకా చాలా పెరుగుతుంది. ఒక్క ఉద్యోగానికి ఇంత. అందుకే పది లక్షలు ఇచ్చిన దాత పేరుతో గోడ మీద శిలాఫలకం వస్తుంది గానీ లోపల లెక్చరరు రాడు. విదేశాల్లో కుటుంబాలు ఇలా ఒక్కో ప్రొఫెసర్ పదవికి కార్పస్ ఇస్తుంటాయి. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో కొప్పాక కుటుంబ ఫౌండేషన్ సాయంతో తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్రలకు ఏర్పడ్డ ప్రొఫెసర్ పదవి ఈ కోవలోదే. అది భాషా చదువు, మనం మాట్లాడుకుంటున్నది టీచర్ల చదువు. లెక్క మాత్రం ఒకటే.

మన దేశంలో ఈ పద్ధతికి అతిపెద్ద ఉదాహరణ అజీం ప్రేమ్‌జీది. ఆయన నోట్లు ఇవ్వలేదు, విప్రో కంపెనీ వాటాలు ఇచ్చారు. 2010 డిసెంబరులో దాదాపు 8,846 కోట్ల రూపాయల విలువైన వాటాలు, 2013లో దాదాపు 12,300 కోట్లవి, 2019 మార్చిలో మరో 52,750 కోట్లవి. అప్పటి ధరల్లో మొత్తం దానం విలువ 1 లక్షా 45 వేల కోట్లని ఆయన ఫౌండేషన్ ప్రకటించింది. వాటాలు దానమిస్తే ఏం జరుగుతుంది? వాటి మీద వచ్చే డివిడెండ్ (లాభంలో వాటాదారులకు పంచే భాగం) దాతకు వెళ్లదు, దాననిధికి వెళుతుంది. కంపెనీ తన వాటాలు తానే తిరిగి కొన్నప్పుడు వచ్చే సొమ్మూ అంతే. విశ్వవిద్యాలయం, ప్రభుత్వ బడి టీచర్లతో చేసే పని, ఇతర సంస్థలకు ఇచ్చే సాయం, ఇవన్నీ దాని మీద నడుస్తాయి. 2010లో కర్ణాటక శాసనసభ చేసిన చట్టంతో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం మూలన పడి ఉండే విభాగం కాదు. సంస్థ పుట్టిందే అందుకు.

దీనికీ ఒక బలహీనత ఉంది. అసలంతా ఒకే కంపెనీ వాటాల్లో ఎక్కువగా ఉంటే, ఆ కంపెనీ బాగోగులే నిధి బాగోగులు. ఆ నిధి పరిమాణం చూస్తే ఒక విద్యార్థి రెండో ఏడాది స్కాలర్‌షిప్ గురించి భయపడనక్కర్లేదు. ముప్ఫై ఏళ్ల లెక్క వేసేవాళ్లు మాత్రం ఆలోచిస్తారు.

కార్పస్ తర్వాతి మెట్టు ఏటా ఇచ్చే దానం. మనకు పాత ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. తర్వాతి దశాబ్దంలో కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ లాంటివాళ్లు దాన్ని నిలబెడుతున్నప్పుడు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్సు, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంత పెద్ద సొమ్మో చెప్పనక్కర్లేదు. కానీ ఈ దానం సంస్థానం ఆదాయం మీద నిలబడింది. స్వాతంత్ర్యం వచ్చాక జమీందారీలే రద్దయ్యాయి. విశ్వవిద్యాలయం ప్రభుత్వ గ్రాంటు మీద నిలబడింది. దాతను తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. అంకె రాసిపెట్టిన వార్షిక దానం దాత వంశం మారినా, చట్టం మారినా, చివరికి ధరలు మారినా కుదేలవుతుంది. నేటి ధరల్లో ఏడాదికి లక్ష రూపాయలు ఒక అతిథి అధ్యాపకుడి రెండు మూడు నెలల పారితోషికానికి చాలితే గొప్ప.

ఇక మూడోది ప్రాజెక్టు గ్రాంటు. మన విద్యా విభాగాల్లో నేడు కనిపించే దాతల డబ్బులో ఎక్కువ భాగం ఇదేనని నా అంచనా. ఫలానా పని, ఫలానా మూడేళ్లు, ఫలానా బడ్జెట్ అని రాసుకుంటారు. గడువుతో పాటే డబ్బూ అయిపోతుంది. దాతలు దీన్ని ఇష్టపడడానికి కారణం ఉంది. ఏం జరిగిందో కొలవచ్చు. నచ్చకపోతే ఆపవచ్చు. కంపెనీల విషయంలో ఇష్టాయిష్టాలకు తోడు చట్టమూ ఇటే నెడుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు (నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు) గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విద్య ఆ జాబితాలో ఉంది. కానీ 2021 జనవరిలో నిబంధనలు మారాక ఏ సంస్థ కార్పస్‌కు ఇచ్చినా ఆ సొమ్ము ఈ 2 శాతం లెక్కలోకి రాదు. దీర్ఘకాల ప్రాజెక్టుకు కూడా మొదలుపెట్టిన ఏడాది కాక మూడేళ్లే గడువు. అంటే కంపెనీ సొమ్ముతో విద్యా విభాగంలో ఒక ప్రయోగం పెట్టవచ్చు, ఒక శాశ్వత ఉద్యోగం పెట్టలేరు. డబ్బు ఏళ్ల తరబడి పేరుకుని పక్కనపడి ఉండకూడదన్నది నిబంధన ఉద్దేశం. అది న్యాయమే. టీచర్ల శిక్షణ లాంటి నెమ్మది పనికి మాత్రం అది సరిపోదు.

ప్రాజెక్టు డబ్బు మంచి పనీ చేసింది. 2015 ప్రాంతంలో టాటా ట్రస్టులు ఇచ్చిన ఆరంభ నిధితో టిస్‌లో ఒక విద్యా కేంద్రం మొదలైంది. అమెరికాలోని ఎంఐటీతో కలిసి అది క్లిక్స్ అనే కార్యక్రమం నడిపింది. తెలంగాణ, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంలలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు ల్యాబుల ద్వారా గణితం, సైన్సు, ఇంగ్లిష్ నేర్పే పద్ధతులు తయారుచేసింది. టీచర్లకు శిక్షణ ఇచ్చింది. యునెస్కో బహుమతి కూడా వచ్చింది. ఆ కేంద్రమే తర్వాత టీచర్ల శిక్షణలో ప్రత్యేక కేంద్రంగా మారింది. ప్రభుత్వ గ్రాంటుతో ఇలాంటిది మొదలుపెట్టాలంటే పోస్టుల మంజూరుకే ఏళ్లు పట్టేది. దాత సొమ్ముకున్న అసలు బలం ఈ వేగమే.

అదే టిస్‌లో ఈ పద్ధతి రెండో ముఖమూ కనబడింది. 1936లో సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు పెట్టిన బడి అది. 1964లో డీమ్డ్ విశ్వవిద్యాలయం (విశ్వవిద్యాలయంతో సమానంగా గుర్తింపు పొందిన సంస్థ) అయింది. శాశ్వత పోస్టుల జీతాలు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నుంచి వస్తాయి. కొత్త కోర్సులకు, కొత్త క్యాంపస్‌లకు అవసరమైన మనుషుల్లో చాలామందిని ట్రస్టు గ్రాంటు మీద కాంట్రాక్టులో తీసుకున్నారు. కొందరు పదేళ్లకు పైగా అలాగే పనిచేశారు. 2024 జూన్ 28న దాదాపు 55 మంది అధ్యాపకులకు, 60 మంది ఇతర సిబ్బందికి నోటీసులు అందాయి. టాటా ఎడ్యుకేషన్ ట్రస్టు నుంచి గ్రాంటు మంజూరు కాలేదని, జూన్ 30తో కాంట్రాక్టు ముగుస్తుందని వాటి సారాంశం. ఆ అధ్యాపకుల్లో 15 మంది హైదరాబాద్ క్యాంపస్ వాళ్లు. గొడవ పత్రికలకెక్కింది. రెండు రోజుల్లో ట్రస్టు డబ్బు ఇస్తామంది, నోటీసులు వెనక్కి తీసుకున్నారు.

నోటీసులు అందినవాళ్లందరూ విద్యా విభాగం వాళ్లు కారు. అయినా ఈ ఉదంతంలో యంత్రాంగం మొత్తం కనబడుతుంది. పదేళ్లు సాగిన కోర్సుకు పునాది ఏడాదికోసారి తిరగరాసే ఒక మంజూరు పత్రం. దాత మాట తప్పాడనీ అనలేం, ఎందుకంటే శాశ్వతంగా ఇస్తానని అతను ఎప్పుడూ అనలేదు. శాశ్వతమైన పనిని తాత్కాలికమైన డబ్బు మీద పెట్టింది సంస్థ. దానికి కారణం, శాశ్వత పోస్టులు అడిగితే ప్రభుత్వం నుంచి రాకపోవడం. ముగ్గురూ తమ తమ లెక్కలో సబబుగానే నడుచుకున్నారు. ఫలితం మాత్రం సగంలో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థి ముందు వచ్చి నిలబడింది.

దాత డబ్బుతో పాటు దాత అభిప్రాయం కూడా వస్తుందా అన్నది మరో ప్రశ్న. వస్తుంది. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుందన్నదీ దానితో ముడిపడి ఉంది. న్యూయార్క్‌లో 1887లో గ్రేస్ డాడ్జ్ అనే దాత చొరవతో పుట్టిన టీచర్స్ కాలేజీ 1898లో కొలంబియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. కానీ తన ఖజానా, తన ధర్మకర్తల మండలి తన దగ్గరే ఉంచుకుంది. నేటికీ అంతే. టీచర్ల చదువుకు వచ్చిన సొమ్ము పెద్ద విశ్వవిద్యాలయం ఖర్చుల్లో కలిసిపోకుండా ఈ ఏర్పాటు కాపాడింది. మన దగ్గర చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యా విభాగానికి సొంత ఖాతా అనేది ఊహలో కూడా లేదు. దాత గట్టిగా షరతు రాయకపోతే ఆ సొమ్ము ఉమ్మడి సంచిలోకి పోతుంది. మరీ గట్టిగా రాస్తే విభాగం ఏం బోధించాలో ఆయనే చెప్పినట్టవుతుంది. ఏ విభాగానికన్నది దాత రాయాలి, ఏ పాఠమన్నది విభాగానికి వదిలేయాలి అని నా అభిప్రాయం. ఆచరణలో ఆ గీత ఎప్పుడూ ఇంత శుభ్రంగా ఉండదు.

పన్ను సంగతి క్లుప్తంగా. గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చే విరాళం మీద పన్ను మినహాయింపును 1961 చట్టం కాలం నుంచి జనం 80జి అని పిలుస్తారు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అది వర్తించదు. నగదుగా ఇస్తే రెండు వేల రూపాయలు దాటిన దానికి మినహాయింపు లేదు. విదేశాల్లోని తెలుగువాళ్లు ఇచ్చేటప్పుడు ఇంకో తేడా గమనించాలి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య పంపితే అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే దిగాలి. అందులో 20 శాతానికి మించి పరిపాలన ఖర్చులకు వాడకూడదు.

మళ్లీ బాంబూఫ్లాట్‌కు వస్తే, ఈ డబ్బు ప్రవాహం ద్వీపాల దాకా ఎందుకు రాదో పై లెక్కల్లోనే ఉంది. కంపెనీల చట్టం కంపెనీలను తమ చుట్టుపక్కల ప్రాంతాలకు ముందు ఖర్చు చేయమంటుంది. ఇక్కడ పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు లేవు. ఫౌండేషన్లు ఒక్కో టీచరుకు ఎంత ఖర్చయిందో చూసుకుంటాయి. డిగ్లీపూర్ నుంచి క్యాంప్‌బెల్ బే దాకా చెదిరిన బడుల్లో ఆ ఖర్చు తెలంగాణలో ఒక మండలంలో అయ్యే దానికంటే ఎన్నో రెట్లు ఉంటుంది. భాష మరో అడ్డు. తెలుగు రాష్ట్రాల కోసం తయారైన శిక్షణ సామగ్రి అక్కడి రాష్ట్ర సిలబస్‌కు సరిపోతుంది. ఇక్కడి బడులు సీబీఎస్‌ఈ పద్ధతిలో నడుస్తాయి. తెలుగు మాధ్యమంలో చెప్పే టీచర్లు కొద్దిమంది. వాళ్ల కోసమే ఒక ప్రాజెక్టు రాస్తే లబ్ధిదారుల గడిలో పడే అంకె చిన్నది, ఏ కమిటీకీ ఆకర్షణీయంగా ఉండదు. తలకు ఎంత అని అడగని డబ్బు ప్రభుత్వానిదే. నెమ్మదిగా వస్తుంది, కొత్తదేదీ త్వరగా మొదలుపెట్టదు, కానీ జనాభా తక్కువని బడి జీతం ఆపదు.

విశాఖ ఓడ ఎక్కబోయే అమ్మాయి చేతికి స్కాలర్‌షిప్ పత్రం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు చదవాల్సిన వాక్యాలు రెండు మూడే. సాయం కోర్సు మొత్తానికా, ఏడాదికోసారి పునరుద్ధరిస్తారా? పునరుద్ధరణ ఆమె మార్కుల మీదా, నిధి లభ్యత మీదా? మార్కుల మీద అయితే అది ఆమె చేతిలో ఉంది. "నిధుల లభ్యతను బట్టి" అన్న మాట ఉంటే, డబ్బు కార్పస్ నుంచి వస్తుందా, ఏటా ఇచ్చే గ్రాంటు నుంచి వస్తుందా అని ప్రవేశాల కార్యాలయాన్ని మెయిల్లో అడిగి, జవాబు దాచుకోవచ్చు. ఎంఏ తర్వాత పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఇంకొకటి అడగాలి: గైడుగా ఉండబోయే అధ్యాపకురాలు మంజూరైన పోస్టులో ఉన్నారా, ప్రాజెక్టు కాంట్రాక్టులోనా? టాగోర్ కళాశాలలో చేరితే ఈ ప్రశ్నలు అక్కర్లేదు. అక్కడ అడగాల్సింది మంజూరైన పోస్టుల్లో ఎన్ని భర్తీ అయ్యాయన్నది. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు.